ఆగని దండోరా

కడుపులో మాట అందరి ముందూ అనకూడదని పెద్దలు చెబుతారు. మనసులోని సంగతుల మాట యెలా వున్నా, అచ్చంగా కడుపు సంగతే అయితే మనవాళ్లు చచ్చినా అనరు. జలుబు చేస్తే వీధి వీధంతా తెలుస్తుంది. మోకాళ్లు పట్టేస్తే పేరంటంలో అరగంట కాలక్షేపం. చక్కెర జబ్బయితే, కాఫీలో పంచదార వద్దంటూ చెప్పుకోవడానికి ఒక హోదా కూడా వచ్చిపడుతుంది. అదే విరేచనంలో రక్తం కనబడిందనుకోండి, కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోరు. మా కోడలు మూడు నెలలు చెప్పలేదు.

ఇది రాయవచ్చా అని తననే అడిగాను. "నా పేరు మాత్రం వెయ్యకండి అత్తయ్యగారూ. తక్కినదంతా రాయండి. ఇంకో పిల్ల యెవరైనా దాచుకోకుండా చెప్పుకుంటుంది" అంది. అంచేత రాస్తున్నాను.

మాది ఏలూరు. అంటే నా మెట్టినిల్లు. నేను పుట్టి పెరిగింది కొల్లేటి లంకల్లో; తాటిదోనె యెక్కి బడికి వెళ్లినదాన్ని. కోడలిది తాడేపల్లిగూడెం. వాళ్ల నాన్నగారికి ఉల్లిపాయల మార్కెట్టులో కమీషను కొట్టు. రైలెక్కితే ఏలూరుకీ గూడేనికీ గంటలోపు ప్రయాణం. కాపరానికి వచ్చిన రెండో యేడు ఆ పిల్లకు కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రోజుకు ఏడెనిమిదిసార్లు బాత్రూముకు వెళ్లేది. 54 కిలోల మనిషి 41 కిలోలకు దిగింది. గాజులు మోచేతి దాకా జారుతుంటే అప్పుడు మాకు తెలిసింది.

తెలిసిన మర్నాటి నుంచీ ఇంట్లో విచారణ మొదలు. రోగం యేమిటని కాదు, యే వూరిదని! మన ప్రాంతంలో కడుపు చెడితే ముందు నీళ్లను బోనెక్కిస్తాం. మా వియ్యపురాలు వచ్చి, "వదినగారూ, మా గూడెంలో వున్నన్నాళ్లూ రాళ్లు తిన్నా అరిగించుకుంది. మీ ఏలూరు నీళ్లు దానికి పడలేదు" అంది. ఆవిడ అనడంలో వింతేమీ లేదు. 2020 డిసెంబరులో మా వూళ్లో వందలమంది వున్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రిలో పడ్డ సంగతి దేశమంతా విన్నదే. మా ఆడపడుచు ఊరుకుంటుందా? "పుట్టింట్లోనే వున్న జబ్బు దాచి కట్టబెట్టారు" అని గొణిగింది. మధ్యలో మావారి పినతండ్రి కొడుకు, కొల్లేటి చేపల వల్లనే అన్నాడు. అంటే నా పుట్టింటిది! మూడు వూళ్లూ ముద్దాయిలే. పిల్ల మాత్రం దుప్పటి ముసుగుపెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

మొదట అమీబా అన్నారు. మాత్రలు వాడాం. తగ్గలేదు. తరవాత ఒక ఆసుపత్రిలో పేగులోకి గొట్టం వేసి చూసి, చిన్నపేగూ పెద్దపేగూ కలిసేచోట పుండ్లున్నాయి, పేగు క్షయ అన్నారు. ఆ వూరి పేరూ, ఆసుపత్రి పేరూ యిక్కడ అనవసరం. ఆరు నెలలు టి.బి. మందులు మింగింది. మూత్రం నారింజ రంగులో వస్తోందని హడలిపోయింది. అది మందు రంగేనట, అదైనా ముందు చెప్పినవారు లేరు. నొప్పి తగ్గలేదు, బరువు పెరగలేదు. వెళ్లినప్పుడల్లా "కోర్సు పూర్తి చెయ్యండి" అన్నారు.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. ఈ రెండు జబ్బులూ కవలపిల్లల వంటివి. పుండ్లు పడేచోటు ఒకటే. ముక్క తీసి భూతద్దం కింద చూస్తే రెండింటిలోనూ తెల్లకణాలు గుమిగూడిన బుడిపెలే కనబడతాయి. మన దేశంలో క్షయ యెక్కువ కనుక డాక్టర్లు ముందు దాన్నే అనుమానిస్తారు. అందులో తప్పు పట్టలేం. కాని మందు మొదలుపెట్టాక రెండు మూడు నెలలకు మళ్లీ గొట్టం వేసి, పుండు మానుతోందో లేదో చూడవచ్చు. క్షయ అయితే ఆపాటికి మానుముఖం పట్టాలి. ఆ చూడడమే చూడలేదు. ఇటువంటి స్థితిలో వున్న కుటుంబం యేదైనా ఈ వ్యాసం చదువుతూంటే, ఆ ఒక్క ప్రశ్న మీ డాక్టరుగారిని అడగండి. అడిగితే ఆయన కోపగించుకోరు. కోపగించుకున్నా అడగండి.

చివరకు అబ్బాయి సెలవు పెట్టాడు. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ముగ్గురం హైదరాబాదు వెళ్లాం. నన్నెందుకు తీసుకువెళ్లారంటే, ఆ పిల్ల, "అత్తయ్యగారు వస్తేనే వస్తాను" అంది. వాళ్లమ్మ వస్తే యేడుస్తుందట. నేను యేడవనని తనకెలా తెలిసిందో!

అక్కడ తేలింది క్రోన్స్ జబ్బని. 1932లో న్యూయార్కులో క్రోన్ అనే డాక్టరూ, ఆయన సహచరులిద్దరూ దీన్ని మొదట వివరంగా వర్ణించారు. ఆ పేరు స్థిరపడింది. దీనికి అక్కచెల్లెలు వంటిది ఇంకోటుంది, అల్సరేటివ్ కొలైటిస్. అది పెద్దపేగుకు మాత్రమే పరిమితం. నోరు తెరుచుకుని వింటున్న మాతో డాక్టరుగారు, "అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవరుకు కూడా ఈ జబ్బే. 1956 జూన్‌లో ఆపరేషన్ చేశారు. ఆ నవంబరులో ఆయన మళ్లీ ఎన్నికల్లో గెలిచాడు" అన్నారు. మా కోడలు చాలా రోజుల తరవాత కాస్త నవ్వింది. ఒక దేశాధ్యక్షుడి పేగుల సంగతి ప్రపంచమంతా పత్రికల్లో చదివిందంటే, ఏలూరులో మనం దాచుకునేదేమిటి?

"అయితే యే క్రిమి వల్ల వచ్చింది?" అని అడిగాను. నాక్కావలసింది నీళ్ల కేసు తీర్పు.

"క్రిమి కాదమ్మా. వొంట్లో వార్తలు మోసే అణువులుంటాయి. సైటోకైన్లంటారు. అవి ఆగవలసిన చోట ఆగడం లేదు" అన్నారాయన.

ఆ మాట అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. తరవాత ఆయన చెప్పినదీ, అబ్బాయి చదివి వినిపించినదీ కలుపుకుని నా భాషలో పెట్టుకున్నాను. డాక్టర్లు నవ్వుకుంటే నవ్వుకోనీయండి.

నా చిన్నతనంలో లంకలకు వరద వచ్చే సూచన కనబడితే దండోరా వేసేవారు. డప్పు వినగానే మగవాళ్లు పారలూ, మట్టి తట్టలూ పట్టుకుని గట్టు మీదకు పరుగు. గండి పూడ్చేవాళ్లు పూడ్చడం, పశువులను మళ్లించేవాళ్లు మళ్లించడం. నీరు తీశాక ఇంకో చాటింపు, అందరూ ఇళ్లకు పొమ్మని. మన పేగులో సరిగ్గా ఇదే యేర్పాటు. పేగు లోపలిగోడ ఒక్క వరస కణాల మందం. దానికి అవతల కోటానుకోట్ల సూక్ష్మజీవులు మనతో సంసారం చేస్తున్నాయి. చాలామట్టుకు మంచివే, మనం తిన్నదాంట్లో తమ వంతు తిని మనకింత పెడతాయి. గోడకు యివతల తెల్లకణాల కావలి. ఎక్కడైనా గండిపడి సూక్ష్మజీవి లోపలికి జొరబడితే, కావలి కణం దండోరా వేస్తుంది. ఆ డప్పు చప్పుడే సైటోకైన్లు. వాటిలో టి.ఎన్.ఎఫ్. అనేది గొంతు పెద్దది. అది వినగానే రక్తనాళాలు వాకిళ్లు తెరుస్తాయి, కొత్త కణాలు దిగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 జ్వరం తెప్పిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-23 మరో జాతి సైనికులను పురికొల్పి నిలబెడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-10 మాత్రం, ఇక చాలు ఇళ్లకు పొండి అనే చాటింపు.

క్రోన్స్‌లో గండి పూడినా దండోరా ఆగదు. వచ్చినవాళ్లు మళ్లీ ఇంకొందరిని పిలుస్తారు. ఇంతమంది పారలు పట్టుకుని గట్టుమీద తొక్కులాడితే గట్టేమవుతుంది? గట్టే కూలుతుంది. దాంతో కొత్త గండి, కొత్త దండోరా. మా కోడలి పేగులో పుండ్లు శత్రువు పెట్టినవి కావు. రక్షించడానికి వచ్చినవాళ్లు తొక్కి చేసినవి. సాయంత్రం జ్వరం, తిండి సయించకపోవడం, కండ కరిగిపోవడం అన్నీ ఆ చాటింపు వొళ్లంతా వినబడడం వల్లనే.

నీరు తియ్యడం యెంత ముఖ్యమో కొల్లేటివాళ్లకు వేరే చెప్పక్కరలేదు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీరంతా ఉప్పుటేరు ఒక్కదాని గుండానే సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటి మీద పడినప్పుడు, వచ్చిన నీటికంటె తియ్యని నీరే లంకలను బాధించింది. వొంట్లో ఇంటర్‌ల్యూకిన్-10 ఉప్పుటేరు వంటిదన్నమాట. 1993లో శాస్త్రజ్ఞులు ఈ ఒక్క అణువు లేకుండా చుంచెలుకలను పుట్టించి చూస్తే, వాటికి పేగులు వాచి పుండ్లు పడ్డాయి. పోనీ దాన్నే మందుగా యిస్తే సరిపోతుంది కదా అని మనకు తోస్తుంది. వాళ్లకూ తోచింది. రోగులకు యిచ్చి చూశారు. చెప్పుకోదగ్గ గుణం కనబడలేదు. ఉపమానాలకు ఒక హద్దుంది కాబోలు.

ఇంతకీ మొదటి దండోరా యెందుకు మొదలవుతుంది? వంశంలో వచ్చే కొన్ని మార్పులు కొంత కారణం. 2001లో యూరోపు జాతులవాళ్లలో ఒక జన్యువును పట్టుకున్నారు. ఆ మార్పులు మనవాళ్లలో చాలా అరుదట. మనకు వేరేవి వుండాలి. తిండి, మందులు, పేగులోని సూక్ష్మజీవుల కూర్పు మారడం, వీటికీ వాటా వుంది. పొగతాగడం క్రోన్స్‌కు ఆజ్యం పొయ్యడమే. ఇది పట్నపు జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనేవారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వారు పల్లెలకు బస్సులలో పరికరాలు తీసుకుపోయి, కడుపు బాధలున్న ముప్ఫయివేలమందికి పైగా పరీక్షించి 2023లో ప్రకటించారు. పల్లెల్లోనూ ఈ పేగువాపు జబ్బులు కనబడుతూనే వున్నాయి. కనుక ఏలూరు నీళ్లూ, గూడెం ఉల్లిపాయలూ, కొల్లేటి కొరమీనూ మూడూ నిర్దోషులే. ఈ తీర్పు నేను ఫోనులో వియ్యపురాలికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు వూరుకుని, "అయినా కాచి చల్లార్చి యివ్వండి వదినగారూ" అంది.

ముందు స్టెరాయిడ్లు యిచ్చారు. అవి దండోరాలన్నిటినీ ఒక్కసారిగా నోరు మూయిస్తాయి. వారం రోజుల్లో నొప్పి తగ్గింది. నెలరోజుల్లో ముఖం గుండ్రంగా పున్నమి చంద్రుడయింది, రాత్రుళ్లు నిద్ర లేదు. వాటిమీదనే బతకకూడదన్నారు డాక్టరుగారు. తగ్గిస్తూ వస్తే నొప్పి తిరగబెట్టింది. అప్పుడు వచ్చింది ఇన్‌ఫ్లిక్సిమాబ్ ప్రస్తావన.

దాని కథ చిత్రమైనది. టి.ఎన్.ఎఫ్.ను 1975లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు చుంచెలుకల రక్తంలో కనిపెట్టారు. అది కంతులను చంపుతుందని సంబరపడి ఆ పేరు పెట్టారు, ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ అని. క్యాన్సరుకు మందవుతుందనుకున్నది అవలేదు. దాని నోరు మూసే మందు మాత్రం లోకానికి పనికివచ్చింది. 1990ల మొదట్లో ఆమ్‌స్టర్‌డాంలో యే మందుకూ లొంగని క్రోన్స్‌తో బాధపడుతున్న ఒక బాలికకు ఆ మందు ఎక్కించారు. పుండ్లు మానడం చూసి 1993లో ప్రకటించారు. 1998లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి యిచ్చింది. ఈ మందులో నాలుగోవంతు చుంచెలుకది, తక్కినది మనిషిది. మావారు ఈ మాట విని, "వినాయకుడి వాహనమేగా, శుభమే" అన్నారు.

ఆయన పరిహాసం అక్కడితో ఆగింది. ఎందుకంటే డాక్టరుగారు రెండో సంగతి కూడా దాచకుండా చెప్పారు. టి.ఎన్.ఎఫ్. దుర్మార్గురాలు కాదు. మన దేశంలో యెంతోమంది వొంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ వుంటుంది. దాని చుట్టూ తెల్లకణాలు కట్టిన చెర గోడను నిలబెట్టి వుంచేది ఈ టి.ఎన్.ఎఫ్.యే. దాన్ని నోరు మూయిస్తే చెర తలుపు తెరుచుకోవచ్చు. మందు బజారులోకి వచ్చిన మూడేళ్లకే, 2001లో, ఇది వాడినవాళ్లలో 70 మందికి క్షయ బయటపడిందని వైద్యపత్రికలో వచ్చింది. అందుచేత మన దేశంలో ఛాతీ ఎక్స్‌రే, చర్మపరీక్ష లేక రక్తపరీక్ష లేకుండా ఈ మందు మొదలుపెట్టరు, పెట్టకూడదు. మా కోడలు ఆరునెలలు వృథాగా మింగిందనుకున్న టి.బి. మందుల లెక్కంతా డాక్టరుగారు తేదీలతో సహా రాసుకున్నారు. "ఇది యిప్పుడు మనకు పనికొచ్చే కాగితం" అన్నారు. ఆ చీటీలు నేను పారెయ్యనివ్వలేదు. మా యింట్లో కాగితం ముక్క పారెయ్యనివ్వనని నామీద వున్న ఫిర్యాదు ఆ రోజుతో కొట్టుడుపోయింది.

ఏ దండోరా ఆపితే యేమవుతుందో తర్కంతో తేలేది కాదు. ఇంటర్‌ల్యూకిన్-17 అనేది ఈ వాపులో కనబడుతోంది కదా అని దాన్ని ఆపే మందు క్రోన్స్ రోగులకు యిచ్చి చూశారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం, బాగుపడకపోగా కొందరికి ముదిరింది. పేగు గోడకు మరమ్మతు చేయించేది కూడా అదేనని తరవాత గ్రహించారు. ఇంటర్‌ల్యూకిన్-23ను అడ్డే మందులు మాత్రం పనిచేశాయి. టి.ఎన్.ఎఫ్.నే పట్టుకునే ఎటనర్సెప్ట్ అనే మందు కీళ్లవాతానికి దివ్యంగా పనిచేసి, క్రోన్స్‌కు యేమీ చెయ్యలేదు. ఒకే వార్తాహరుడు ఒక యింట చిచ్చు పెడతాడు, పక్కయింట మంట ఆర్పుతాడు. అందుకే పక్కింటావిడకు గుణమిచ్చిందని మందు అడిగి తెచ్చుకోవడం ఈ జబ్బులో పనికిరాదు.

ఆ రాత్రి హైదరాబాదులో మా అబ్బాయి స్నేహితుడి యింట్లో కూర్చున్నాం. ఫోనులో ఏలూరు నుంచి మావారు, గూడెం నుంచి వియ్యంకులవారు. "కాపలా కుక్కను కట్టేస్తే దొంగలు పడరా?" అని మావారు. "ఖర్చు సంగతి సగం మేం చూస్తాం, కాని పిల్లకు క్షయ వస్తే?" అని వియ్యంకులు. అబ్బాయి యిద్దరికీ జవాబు చెప్పలేక తల పట్టుకున్నాడు. కోడలు నా దగ్గరికి వచ్చి కూర్చుని, "అత్తయ్యగారూ, డాక్టరుగారిని ఒక ప్రశ్న అడగాలి. వాళ్లెవరూ అడగడం లేదు" అంది. పిల్లల సంగతి.

మర్నాడు తనే అడిగింది. గొంతు వణకలేదు. డాక్టరుగారు చెప్పినది: జబ్బు నిద్రపోతున్నప్పుడు కడుపు పండితే తక్కిన ఆడవాళ్లకు ఉన్నంత అవకాశమే వుంటుంది. జబ్బు మేలుకుని వున్నప్పుడు అయితే నెలలు నిండకుండా పుట్టడం, బిడ్డ తూకం తగ్గడం యెక్కువ. మందు కన్న జబ్బే బిడ్డకు యెక్కువ కీడు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ గర్భంలో కూడా కొనసాగించవచ్చు. మెథోట్రెక్సేట్ అనే పాతమందు ఒకటుంది, అది మాత్రం గర్భానికి విషం, కనుక యివ్వను. "అయితే ఎక్కించండి" అంది కోడలు. అంతే. యిద్దరు మామగార్లూ, ఒక మొగుడూ రాత్రంతా తేల్చలేనిది రెండు మాటల్లో తేల్చింది.

ఆ మెథోట్రెక్సేట్ దగ్గర కాసేపు ఆగాలి. మందు ఎక్కించే హాలులో మా పక్కన భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయనకూ క్రోన్సే. వారానికి ఒక్కసారి ఆ మందు, మర్నాడు ఫోలిక్ యాసిడ్ మాత్ర. "మావూరాయన మందేనమ్మా రెండూ" అన్నాడు గర్వంగా. నాకు వెంటనే తట్టలేదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు! 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయనకూ అది సోకితే మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. తరవాత అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు చికిత్స ఆ ఫోలిక్ యాసిడే, దానికి తోడు టెట్రాసైక్లిన్ జాతి మందు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోని ప్రయోగశాలదే. ఫోలిక్ యాసిడ్‌కు యెదురుమందుగా అక్కడే పుట్టినది మెథోట్రెక్సేట్. రక్తపు క్యాన్సరుకని తయారయినది, తక్కువ మోతాదులో తెల్లకణాల ఆర్భాటాన్ని తగ్గిస్తుందని తరవాత తేలింది. 1995లో కెనడా డాక్టర్లు క్రోన్స్‌లో అది పనిచేస్తుందని నిరూపించారు. అదే యేడు మన తపాలాశాఖ సుబ్బారావుగారి శతజయంతికి బిళ్ల వేసింది. ఆయన 1948లోనే పోయారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

పెద్దాయన చెప్పిన ఇంకో మాట కూడా రాస్తాను, యెవరికైనా ప్రాణం కాపాడవచ్చు. ఆ మందు వారానికి ఒకసారి. రోజూ మింగేది కాదు. పొరబాటున రోజూ మింగి ప్రాణాలమీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు. ఆయన మందు మింగే వారం పేరు డబ్బామీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. మా కోడలికి మెథోట్రెక్సేట్ లేదు గాని ఫోలిక్ మాత్ర వుంది. పసుపుపచ్చని ఆ చిన్న మాత్ర చేతిలో వేసుకున్నప్పుడల్లా తనకు భీమవరం గుర్తొస్తుందట.

మొదటి రోజు, రెండు వారాలకు, ఆరు వారాలకు, ఆపైన యెనిమిదేసి వారాలకు ఒకసారి, సెలైనులో కలిపి రెండు గంటలసేపు ఎక్కిస్తారు. ఖర్చు మాట చెప్పకపోతే మీరే అడుగుతారు. తక్కువ కాదు. అయితే ఒకప్పుడు విదేశీ కంపెనీలదే రాజ్యం. 2014 నుంచి ఇటువంటి మందులకు మన దేశపు కంపెనీలు జతమందులు తయారుచేసి చవకగా అమ్ముతున్నాయి. అబ్బాయి ఆఫీసు బీమా కొంత, వియ్యంకులవారి మాట కొంత, నా కాసులపేరు కొంత. టోఫాసిటినిబ్ అని మాత్ర రూపంలో ఒకటుంది, కణం లోపల దండోరా వినే చెవులనే మూస్తుంది, పెద్దపేగు జబ్బులో బాగా వాడుతున్నారు, చవక కూడాను; బిడ్డ కావాలనుకునేవాళ్లకు వద్దన్నారు.

మూడో సెలైను తరవాత ఒక ఆదివారం ముద్దపప్పూ, నెయ్యీ, దోసావకాయతో తిని, యెవరికీ చెప్పకుండా ఇంకో ముద్ద కలుపుకుంది. నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను. ఏడాదికి 52 కిలోలు. ఇది అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. మూడింట ఒక వంతు మందికి మొదటినుంచే పనిచెయ్యదు. కొందరికి పనిచేసి పనిచేసి మానేస్తుంది. వొళ్లు ఆ చుంచెలుక వాటాను గుర్తుపట్టి తరిమేస్తుంది. మా పక్క సీటు పెద్దాయనకు ఇది మొదట వాడి చూసి మానిపించినదే.

పసుపుపాలు తాగమని చెప్పినవారు పదిమంది. తాగింది. పెద్దపేగు జబ్బులో మామూలు మందుతో పాటు పసుపు సారం యిస్తే కొంత మేలు కనబడిందని చిన్న చిన్న పరీక్షలు చెబుతున్నాయి, మందుకు బదులుగా మాత్రం కాదు. మందులు మానేసి తన కషాయం తాగమన్న ఒకాయనను వియ్యపురాలే గుమ్మంలోంచి పంపించేసింది.

తొలి కాన్పు పుట్టింట్లోనే. గూడెంలో ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండి, రెండు కిలోల తొమ్మిదివందలు. కడుపుతో వున్నప్పుడు ఎక్కించిన మందు మావిని దాటి బిడ్డ రక్తంలోకి చేరుతుంది, పుట్టాక నెలల తరబడి వుంటుంది. అంటే పసిగుడ్డు వొంట్లోనూ ఆ కాపలా నోరు మూసుకుని వుంటుంది. బి.సి.జి. టీకాలో వున్నది బతికివున్న క్రిమి. ఇంగ్లండులో తల్లికి ఈ మందు వాడినప్పుడు పుట్టిన ఒక శిశువు, బి.సి.జి. వేశాక ఆ క్రిమి వొళ్లంతా పాకి చనిపోయిందని 2010లో వైద్యపత్రికలో వచ్చింది. అప్పటి నుంచి అటువంటి పిల్లలకు బతికిన క్రిములున్న టీకాలు వెంటనే వెయ్యరు; తక్కినవన్నీ వేళకు వేస్తారు. పుట్టిన ప్రతి బిడ్డకూ బి.సి.జి. వేసి పంపడం మన ఆనవాయితీ కదా. అందుకని హైదరాబాదు డాక్టరుగారి ఉత్తరానికి నకళ్లు తీయించి ఒకటి ఆసుపత్రిలో, ఒకటి వియ్యపురాలి కొంగున, ఒకటి నా సంచిలో.

పాపకు యిప్పుడు అయిదో నెల. మొన్న పోలియో చుక్కల ఆదివారంనాడు ఇద్దరమ్మాయిలు అయిస్ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. మా వియ్యపురాలు పాపను ఎత్తుకునే ఉత్తరం చూపించి, నేను వివరంగా చెప్పబోతే ఆపి, తనే చెప్పింది. దండోరా కథతో సహా, నా ఉప్పుటేరుతో సహా చెప్పేసింది. వాళ్లలో పెద్దమ్మాయి శ్రద్ధగా విని, ఈ పాపకు చుక్కలు కాదు, పోలియో సూదిమందు వేయిస్తున్నారా అని అడిగి, కార్డు చూసి, నోటుబుక్కు తీసి మందు పేరు రాసుకుంటాను చెప్పండి అంది. వియ్యపురాలు రెండుసార్లు కూడబలుక్కుంటూ చెప్పింది. ఆ అమ్మాయి "ఇన్‌ఫ్లిక్సిమాబ్" అని తెలుగక్షరాల్లో రాసుకుని, కింద గీత గీసి, పక్కింటికి వెళ్లింది.